మాగాణిలో మినుము పోతే తిండి భద్రత ఎక్కడిది?

ఆహార భద్రత అనగానే మన నాయకులకు, అధికారులకు గుర్తొచ్చేది బియ్యం గోదాములు. గోదాములో బస్తాలు ఎత్తుగా పేర్చి ఉంటే దేశం కడుపు నిండినట్టే అనుకుంటారు. ఇందులో అబద్ధం లేదు గానీ సగమే నిజం. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు కూలి జనం ఇళ్లలో రెండు పూటలా పొయ్యి వెలిగింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం ఉచితమైంది. బియ్యానికి లోటు లేదు. మరి ఆ అన్నంలోకి పప్పేదీ?

బియ్యంలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్లుంటే మినుముల్లో ఇరవై నాలుగు దాకా ఉంటాయి. బాలింతకు, ఎదిగే పిల్లకు సున్నుండ పెట్టమని మన పెద్దవాళ్లు ఏ పుస్తకమూ చదివి చెప్పలేదు. ఆ సున్నుండలోకి మినుములు ఇప్పుడు చాలా ఇళ్లలో కొట్టు నుంచే వస్తున్నాయి, రైతు ఇంట్లో కూడా. 2024-25లో మన దేశం బయట కొన్న పప్పుధాన్యాలు 70 లక్షల టన్నులు దాటాయి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పప్పులు పండించేదీ మనమే, అందరికంటే ఎక్కువ కొనుక్కునేదీ మనమే.

మినుములు ఎక్కువగా వచ్చేది బర్మా నుంచి, ఇప్పుడు మయన్మార్ అంటున్నారు. అక్కడ అవి ఎలా పండుతున్నాయో తెలిస్తే ముక్కున వేలేసుకోవాలి. ఐరావతి డెల్టాలో, పెగూ ప్రాంతంలో, వరి కోసిన మాగాణిలో! కృష్ణా డెల్టాలో మన తాతలు చేసిన పనే అది. ఒకప్పుడు రంగూన్ రేవులో, ధాన్యం మిల్లుల్లో కూలి పనికి తెలుగువాళ్లు ఓడలెక్కి పోయేవాళ్లు. ఇప్పుడు మన ఇడ్లీ పిండికి అక్కడి నుంచి మినుములు ఓడెక్కి వస్తున్నాయి. ఏటా రెండున్నర లక్షల టన్నులు తెచ్చుకునేటట్టు 2021 జూన్‌లో అయిదేళ్లకు ఒప్పందం రాసుకున్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అక్కడ సైన్యం గద్దెనెక్కింది, దేశం పోరాటాల్లో పడింది. మన ఇంటి గారె పక్కింటి గొడవ మీద ఆధారపడిందన్న మాట.

కందుల కథ ఇంకోటి. 2016లో పప్పు ధర మండిపోతుంటే, ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంతో మీరు పండించండి మేం కొంటామని ఒప్పందం చేసుకున్నారు. అక్కడి చిన్న రైతులు నమ్మి వేశారు. ఈలోగా మన దగ్గరా కంది విరగపండింది. 2017 ఆగస్టులో ఢిల్లీవాళ్లు దిగుమతికి హద్దు పెట్టారు. అక్కడ ధర కూలిపోయి ఎకరం, రెండెకరాల రైతు దెబ్బతిన్నాడు. ఇక్కడ మద్దతు ధర కూడా దక్కక మన కంది రైతూ దెబ్బతిన్నాడు. పేద దేశాల తిండి లెక్కలన్నీ ఇలాగే ఉన్నాయి. ధర పెరిగితే దిగుమతి, పడితే రైతు ఖర్మ.

ఇక మన ఉంగుటూరు సంగతికొద్దాం. మనది కాలువ కింద మాగాణి. ఉత్తరాన గన్నవరం దాటితే ఆగిరిపల్లి, నూజివీడు మెరక, మామిడి తోటలు. అటు నందివాడ వైపు చేపల చెరువులు. మధ్యలో మనకు సార్వా వరి, దాని వెనక మినుమో పెసరో. కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఉండగానే, నిలిచిన వరిలో మినుము చల్లేవాళ్లు. కొడవలి కోత కాబట్టి పనలు ఆరేలోపే వాటి కింద మొలక వచ్చేది. పనలెత్తి కుప్ప వేసేసరికి చేను పచ్చగా కనపడేది. దుక్కి లేదు, ఎరువు లేదు, చాలాచోట్ల తడి కూడా లేదు. నేలలో మిగిలిన పదును, పైన పడే మంచు, అంతే. డెబ్బయి అయిదు, ఎనభై రోజుల్లో పంట చేతికొచ్చేది. వేళ్ల బుడిపెలు గాలిలో నత్రజనిని పట్టేవి, రాలిన ఆకు నేలకు బలమయ్యేది, పొట్టు గేదెలకు పోయేది. ఇవాళ సుస్థిర వ్యవసాయమని సదస్సులు పెట్టి చెబుతున్నది ఇదే కదా!

ఇందులో ఇంకో కీలకం ఉంది. మాగాణి మినుము కౌలు రైతు పంట. మన వైపు చాలాచోట్ల కౌలు బస్తాలు సార్వా ధాన్యంలోంచే కొలిచిపెడతారు, వెనక పంట కౌలుదారుకు మిగులు. లెక్క వేసి చూద్దాం. ఎకరాకు 32 బస్తాలు పండి, 20 బస్తాలు కౌలుకు పోయాయనుకుందాం. మిగిలేవి 12. 2025-26 మద్దతు ధరలో 75 కిలోల బస్తా 1,777 రూపాయలు. పన్నెండింటికి 21,324. నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను ఖర్చులకే అది చాలదు. అదే చేలో మినుము నాలుగు క్వింటాళ్లయితే, క్వింటాలుకు 7,800 మద్దతు ధరతో 31,200 రూపాయలు. ఖర్చు వరికి పెట్టేదాంట్లో కొద్ది వంతే. వరి యజమానికి, మినుము సాగుచేసేవాడికి అన్న మాట. ఆ మినుము పోయినప్పుడు డెల్టాలో కౌలు సేద్యం అప్పుల సేద్యం కాక ఏమవుతుంది?

ఎందుకు పోతోంది? మొదటిది కోత మిషను. కూలీలు దొరక్క, ఖర్చు భరించలేక మిషను పెట్టిన రైతును తప్పుపట్టలేం. కానీ తడి చేలోకి చక్రాల మిషను దిగితే గాడులు పడి నేల గట్టిపడుతుంది, ముందు చల్లిన గింజ నలిగిపోతుంది. వెనక వరసగా పడ్డ గడ్డి కింద మొలక ఉక్కిరిబిక్కిరవుతుంది. దాంతో కొందరు గడ్డికి నిప్పుపెడుతున్నారు. పశువుల మేత, నేల పదును రెండూ ఒకేసారి బూడిద! రెండోది పల్లాకు తెగులు. మూడోది బంగారు తీగ. నాలుగోది మొక్కజొన్న. మొక్కజొన్న వేసినవాడికి నాలుగు డబ్బులు కనపడిన మాట నిజమే, కానీ అది నేలనూ నీళ్లనూ ఎరువు బస్తాలనూ తినే పంట. కౌలు పెంచటానికి యజమానికి సాకు కూడా అదే అవుతోంది.

వీటిలో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పక్కపక్క చేల రైతులు పదిమంది కలిసి చైను మిషను మాట్లాడుకోవచ్చు. కోతకు ముందు చల్లే బదులు, కోసిన వెంటనే గడ్డి కట్టలు తీయించి, పదును ఆరకముందే గొర్రుతోనో విత్తే యంత్రంతోనో వేసుకోవచ్చు. ఎకరాకు 16 నుంచి 18 కిలోల విత్తనం పడుతుంది. పల్లాకు తట్టుకునే పీయూ 31, టీబీజీ 104, జీబీజీ 1 వంటి రకాలు ఉన్నాయి. విత్తనశుద్ధి చేస్తే తొలి రోజుల్లో తెల్లదోమ అదుపులో ఉంటుంది. పల్లాకు తెగులును మోసేది ఆ దోమే. బంగారు తీగ గింజ మినుము గింజతోనే చేలోకి వస్తుంది, కాబట్టి జల్లెడ పట్టిన విత్తనమే వాడాలి. తీగ కనపడితే పూతకు రాకముందే అల్లుకున్న మొక్కతో సహా పీకి తగలబెట్టాలి. బాగా ముదిరిన చేలో ఒక ఏడాది జొన్నో మొక్కజొన్నో వేస్తే తీగకు ఆసరా దొరకదు, అది గడ్డిజాతి పైర్లను పట్టదు. మొక్కజొన్నకు అంతవరకు చోటివ్వటంలో నాకు అభ్యంతరం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం అదను. డిసెంబరు దాటాక వేసిన మినుము పూత మీద ఎండకు దొరుకుతుంది. అంటే సార్వా నాట్లు ముందు పడాలి, కాలువ నీళ్లు ముందు రావాలి. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు కృష్ణకు చేరుతున్నాయి. ఆ నీటి లాభాన్ని ముందు నాట్లుగా, ముందు కోతగా మార్చుకోకపోతే వెనక పంటకు అది అందదు.

మెరక రైతు కూడా ఒక్కమాట వినాలి. మామిడి డబ్బు పంటే గానీ అన్నంలోకి వచ్చే పంట కాదు. ఒక గాలివాన చాలు ఏడాది ఆశ నేల రాలటానికి. లేత తోటల్లో చెట్లు కమ్ముకునేదాకా వరసల మధ్య పెసర, అలసంద, ఉలవ వేసుకుంటే ఇంటికి పప్పు, తోటకు బలం. ఆ జాగాను నాగలితో ఊరికే దున్ని వదిలేస్తున్న తోటలు చాలా ఉన్నాయి.

సుస్థిరమంటే యూరియా బస్తా ఇవాళే గట్టు మీద పారేయమని కాదు. శ్రీలంక ఆ పని చేసి చూసింది. 2021లో ఒక్క ఆజ్ఞతో రసాయన ఎరువులు ఆపేశారు, వరి దిగుబడి పడిపోయింది, నవంబరుకల్లా వెనక్కి తగ్గారు. మన రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్యం పద్ధతి వేరు, రైతు ఇష్టపడి కొద్దికొద్దిగా మారేది. 2024లో దానికి పోర్చుగల్‌వాళ్ల గుల్బెంకియన్ బహుమతి కూడా పంచుకుని వచ్చింది. అయితే 2024 నాటికి అరవై లక్షల మంది రైతులను చేరుస్తామని 2018లో చెప్పిన మాట మాత్రం నెరవేరలేదు. నేల బాగుకు ఖర్చు పెట్టమంటే, వచ్చే ఏడాది ఆ నేల తనకుంటుందో లేదో తెలియని మనిషి ఎందుకు పెడతాడు? మే నెలలో ఎకరాకు పది పన్నెండు కిలోల జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నితే నేల ఎంత గుల్లబారుతుందో అందరికీ తెలుసు. కౌలు మాటలు జూన్‌లో తేలితే మేలో జీలుగ చల్లేదెవరు? యజమానులు మూడేళ్లకు నోటిమాటగానైనా కౌలు ఇస్తే ఈ చిక్కు సగం తీరుతుంది. 2019 కౌలు చట్టంలో పదకొండు నెలల కార్డుకూ భూయజమాని సంతకం కావాలన్నారు. ఆ సంతకం దగ్గరే ఎందరో ఆగిపోయారు.

ఇక కొనుగోలు. పప్పుల్లో స్వయం సమృద్ధి కోసమని 2025 అక్టోబరులో కేంద్రం ఆరేళ్ల పథకానికి 11,440 కోట్లు ఇస్తామంది. పేరు నమోదు చేసుకున్న రైతుల దగ్గర కంది, మినుము, మసూర ఎంత తెస్తే అంత, నాలుగేళ్లపాటు మద్దతు ధరకు కొంటామంది. బాగుంది. కానీ బయటి మినుముకు 2026 మార్చి దాకా సుంకం లేకుండా తలుపులు తెరిచి ఉంచిందీ వాళ్లే. మన మాగాణి మినుము కళ్లాల్లోకి వచ్చేది సరిగ్గా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఆ రెండు నెలలైనా తలుపు వేయమని అడగటం అత్యాశేమీ కాదు. కొనుగోలు కేంద్రం ఫిబ్రవరి మొదటి వారంలో తెరవాలి. మార్చి ఆఖర్లో తెరిస్తే అప్పటికి సరుకు దళారి గోతాల్లోకి పోయి ఉంటుంది, మద్దతు ధర అతనికి దక్కుతుంది. కౌలు రైతులు మాత్రం మినుము మొలిచిన వెంటనే రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఈ-పంటలో సాగుదారుగా తమ పేరే ఎక్కిందో లేదో చూసుకోవాలి. అక్కడ యజమాని పేరుంటే కొనుగోలు డబ్బూ ఆయన ఖాతాకే పోతుంది.