గనులకు కరెంటు, ఊళ్లకు చీకటి

అట్లాంటిక్‌లో కలవడానికి కొంచెం ముందు, ఇంగా అనే చోట, కాంగో నది ఉరకలెత్తి కిందికి దూకుతుంది. అక్కడ 1972లో ఒకటి, 1982లో మరొకటి జలవిద్యుత్ కేంద్రాలు వెలిశాయి. ఆ కరెంటును ఆగ్నేయ కొసనున్న కటంగా రాగి గనులకు చేర్చడానికి 1,700 కిలోమీటర్ల పొడవున హైవోల్టేజి లైను లాగారు. మధ్యలోని ఊళ్ల నెత్తిమీదుగా తీగలు పోతాయి. ఆ ఊళ్లలో మాత్రం దీపం వెలగదు. గనులకు చేర్చడమే ఆ లైను పని. నేటికీ కాంగో ప్రజాస్వామిక గణతంత్రంలో కరెంటు సౌకర్యం ఉన్నది దాదాపు ఐదుగురిలో ఒకరికే.

అంత సంపద ఉండీ ఆ దేశం ఎందుకు పేదది అని అడిగితే చాలామంది అవినీతి అంటారు, తెగల కొట్లాటలు అంటారు. రెండూ ఉన్నాయి. కానీ అసలు కారణం వాటికన్నా పాతది. అక్కడ రైలు పట్టాలైనా, కరెంటు తీగలైనా గనినుంచి ఓడకు సరుకు చేర్చడానికే వేశారు. మనుషుల్ని కలపడానికి వేసినవి చాలా తక్కువ.

దేశం చిన్నదేం కాదు. 23.45 లక్షల చదరపు కిలోమీటర్లతో ఆఫ్రికాలో అల్జీరియా తర్వాత అదే పెద్దది. తొమ్మిది దేశాలతో సరిహద్దు ఉంది, సముద్రతీరం మాత్రం దాదాపు 40 కిలోమీటర్లే. భూమధ్యరేఖను రెండుసార్లు దాటే కాంగో నది నీటి పరిమాణంలో అమెజాన్‌కు మాత్రమే తీసిపోతుంది. రాజధాని కిన్షాసా నుంచి కిసంగానీ దాకా 1,700 కిలోమీటర్లకు పైగా అదే జనానికి రహదారి. కిన్షాసాకు దిగువన మాత్రం రాళ్లమీద నీళ్లు సుళ్లు తిరుగుతాయి, పడవ సాగదు. అందుకే మటాడి రేవు దాకా 1898లో రైలుమార్గం పూర్తి చేశారు. అప్పటికి ఆ దేశం మొత్తం బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. ఆ రైలు మోసింది రబ్బరు, ఏనుగు దంతాలు.

ఖనిజాల పటం చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. సంపదలో ఎక్కువ భాగం రాజధానికి దూరంగా ఉంది. ఆగ్నేయాన లుబుంబాషీ, కోల్వేజీ చుట్టూ రాగి, కోబాల్ట్. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో 70 శాతానికి పైగా ఇక్కడిదే. మ్బుజీ-మాయీలో వజ్రాలు. తూర్పున కివూ ప్రావిన్సుల్లో బంగారం, తగరం, టాంటలం. అమెరికా తొలి అణుబాంబులకు వాడిన యురేనియంలో పెద్ద భాగం కటంగాలోని షింకొలోబ్వే గనిదే. రాజధాని కిన్షాసా పడమటి అంచున ఉంది. అక్కడినుంచి లుబుంబాషీ విమానంలోనే సుమారు 1,500 కిలోమీటర్లు. రాగి లారీలు కిన్షాసా వైపు రావు, దక్షిణంగా జాంబియాలోకి దాటిపోతాయి. తూర్పు బంగారం దొంగదారిన పొరుగు దేశాలకు పోతోందని ఐక్యరాజ్యసమితి నిపుణులు ఏళ్లుగా చెబుతున్నారు. 2025 జనవరిలో తూర్పున ఉన్న గోమా నగరం ఎం23 తిరుగుబాటుదారుల చేతికి చిక్కినప్పుడు, వారి వెనక రువాండా ఉందని చెప్పినవారూ ఆ నిపుణులే.

1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. రెండు వారాలు తిరగకముందే కటంగా విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. తొలి ప్రధాని పట్రిస్ లుముంబాను 1961 జనవరి 17న ఆ గడ్డమీదే చంపేశారు. 1965 నుంచి 1997 దాకా సైనిక నియంత మొబుటు ఏకఛత్రాధిపత్యం. ఆ అనుభవాల తర్వాత 2006లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం నిజంగా మంచిది. అధ్యక్షుడికి ఐదేళ్ల పదవి, రెండుసార్లకు మించి కుదరదు. జాతీయ ఆదాయంలో 40 శాతం ప్రావిన్సులకే చెందాలని, దాన్ని వసూలైన చోటే ఉంచుకోవచ్చని 175వ అధికరణం చెబుతోంది. 2015లో 11 ప్రావిన్సులను 26 చేశారు. ఆ 40 శాతం మాత్రం రాసినట్టుగా అమలు కాలేదు.

డబ్బు చేతికిస్తే ప్రావిన్సులు మళ్లీ విడిపోతాయని కిన్షాసాలో కొందరి భయం. కటంగా చరిత్ర చూస్తే ఆ భయం అర్థమవుతుంది. కానీ ఇన్నేళ్లు సొమ్మంతా తన దగ్గరే పెట్టుకున్న రాజధాని తూర్పు ప్రాంతాన్ని కాపాడుకోగలిగిందా? లేదు. ప్రభుత్వం అనేది తన ఊళ్లో బడిగానో, ఆస్పత్రిగానో ఎన్నడూ కనిపించని మనిషికి ఆ ప్రభుత్వంమీద నమ్మకం ఎలా కలుగుతుంది?

2025 ఫిబ్రవరిలో కోబాల్ట్ ఎగుమతులు ఆపి, అక్టోబర్ నుంచి కోటాలు పెట్టినందుకు కొనుగోలుదారులు గొణిగారు. నేను కాంగో పక్షమే. తన సరుకును ఎంత అమ్మాలో చెప్పే హక్కు ఆ దేశానికి ఉంది. అయితే ధర పెరిగి వచ్చే సొమ్ము కోల్వేజీ దాకా చేరినప్పుడే ఆ హక్కు జనానిది అవుతుంది. 2018 గనుల చట్టం రాయల్టీలో 25 శాతం ప్రావిన్సుకు, 15 శాతం గని ఉన్న స్థానిక సంస్థకు ఇవ్వమంటోంది. ఏ ఊరికి ఎంత ముట్టిందో ఏటా బహిరంగంగా ప్రకటించాలి. 1984 తర్వాత జనాభా లెక్కలే తీయలేదు, వాటినీ తీయాలి. ఎంతమంది ఉన్నారో తెలియని చోట ఎవరి వాటా ఎంతో తేలదు. కాంగోకు కొత్త చట్టాలు అక్కర్లేదు. ఉన్న చట్టం ప్రకారం సొమ్ము పంచితే చాలు. ఆ దేశపు కోబాల్ట్‌తో బ్యాటరీలు చేసే కంపెనీలు గని యజమానిని ధర అడిగినంత గట్టిగా ఈ లెక్క కూడా అడగాలి.