ఏరు ఎండిన చోట కలంకారీ

జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినోత్సవం పేరిట ఏటా జరిగే చిత్రలేఖన పోటీలు ఈసారీ జరిగాయి. రెండు కొండల నడుమ సూర్యుడు, కింద మెలికలు తిరిగే ఏరు, ఒడ్డున కొబ్బరిచెట్టు ఉన్న బొమ్మలు ఎప్పటిలాగే గోడలెక్కాయి, ప్రకృతే కళకు తల్లి అని వక్తలు సెలవిచ్చారు. మాటలో తప్పులేదు గాని, ప్రకృతి నుంచి కళాకారుడు పొందేది కంటికింపైన దృశ్యమూ మనసుకింత ప్రశాంతతా మాత్రమేనన్న భావన ఈ సభల్లో బలపడుతోంది. శ్రీకాళహస్తి కలంకారీ, అంటే వెదురు కలంతో నూలుగుడ్డపై సహజమైన రంగులతో పురాణగాథలు చిత్రించే విద్య, ఇందుకు పూర్తిగా భిన్నమైన పాఠం చెబుతుంది.

శ్రీకాళహస్తి పంచభూత క్షేత్రాలలో వాయులింగ క్షేత్రం. సాలెపురుగు, పాము, ఏనుగు శివుణ్ణి కొలిచి ముక్తి పొందాయన్న స్థలపురాణం, దాన్ని ప్రబంధంగా మలిచిన ధూర్జటి కావ్యం, భక్తికి మనిషి పుట్టుకే అక్కరలేదని చాటాయి. బోయ తిన్నడు పుక్కిట పట్టి తెచ్చిన ఏటినీరే అభిషేకజలమైందని భక్తులు నేటికీ చెప్పుకుంటారు. ఆ ఏరే స్వర్ణముఖి; దాని ఒడ్డున స్థిరపడిన చిత్రకారులకు ఏరు పుణ్యతీర్థమే కాదు, కలంతో సమానమైన పనిముట్టు కూడా.

ఈ విద్యలో అడుగడుగునా చెట్టూ నీరూ ఎండా పనిచేస్తాయి. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడితే, పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుము తగిలినప్పుడు నల్లబడుతుంది. ఇనుప ముక్కలూ బెల్లమూ వారాల తరబడి నీటిలో పులియబెట్టగా వచ్చిన ద్రవంలో కలం ముంచి, చింతబొగ్గుతో వేసుకున్న గీతలపై నడిపిస్తే నల్లని రేఖ తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూస్తారు. పటిక రంగును నూలుకు అంటిపెట్టే పదార్థం. ఆపైన గుడ్డను పారే నీటిలోనే జాడించాలి, ఎందుకంటే నిలవ నీటిలో విడిపోయిన పటిక తిరిగి పక్కచోటికి అంటుకుంటే, తరువాత చిరివేరు వంటి ఎర్రరంగు వేళ్లతో ఉడికించేటప్పుడు రాముడి ఉత్తరీయానికి చెందిన ఎరుపు సీత బుగ్గమీదికి పాకుతుంది. నీటిలోని లవణాలను బట్టి కూడా రంగు ఛాయ మారుతుంది గనుక, ఏరు మారితే బొమ్మే మారిపోతుంది.

చిరివేరులోని ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను 1868లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు, 1897 నాటికి కృత్రిమ నీలిమందు కూడా మార్కెట్టుకు వచ్చింది, దాంతో రంగుమొక్కల సాగు దెబ్బతిన్నది. కొడిగట్టిన ఈ విద్యను కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు ఆదుకోగా, 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసింది. అక్కడ జొన్నలగడ్డ లక్ష్మయ్య విద్య నేర్పగా, ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది. మనుషులు ఇలా నిలబెట్టిన విద్యకు ఇప్పుడు నీరే కరవైంది. వానలను నమ్ముకున్న స్వర్ణముఖి ఎగువన ఊళ్ల మురుగు మోస్తూ, ఇసుక తవ్వకాలకు గుంతలు పడుతూ, ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉంటుంటే, బట్ట జాడించడానికి బోరునీటి తొట్టే దిక్కవుతోంది. ప్రకృతిని పొగిడే వేదికలు ఈ ఇసుక గుంతల ఊసెత్తవు.

ఏటిని వదిలేసిన సమాజం బట్టను మాత్రం పట్టించుకుంటుందా అంటే అదీ లేదు. దుకాణాలలో యంత్రం అచ్చువేసిన పాలియెస్టర్ చీరకు కూడా కలంకారీ అనే పేరు తగిలించి అమ్ముతున్నారు; 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద శ్రీకాళహస్తి కలంకారీకి నమోదు ఉన్నా, ఆ గుర్తింపు ఎక్కడని అడిగే కొనుగోలుదారు అరుదు. పెళ్లికి పట్టుచీర కొనేటప్పుడు జరీని గోటితో గీకి చూసే తెలుగు గృహిణి, కలంకారీ దగ్గరికి వచ్చేసరికి అంచున ముద్రించిన నెమలిని చూసి తృప్తిపడుతోంది. రోజుల తరబడి కలం పట్టిన చేతికీ, క్షణాల్లో మీటర్లు ఉమ్మే యంత్రానికీ ఒకే పేరు చెల్లనిస్తే, నష్టపోయేది చేతివిద్యే.

ప్రకృతి కళకు ప్రేరణ ఇస్తుందని నమ్మే పెద్దలు, వచ్చే జూన్‌లో పిల్లల చేత ఏటి బొమ్మ గీయించే ముందు తమ ఊరి ఏట్లోకి ఏ మురుగుకాలువ కలుస్తోందో, ఇసుక ఎవరు తోలుతున్నారో అధికారులను నిలదీయాలి. కలంకారీ కొనేవారు రంగు దేనితో వేశారో, బట్ట ఎక్కడ ఉతికారో అమ్మేవారిని అడిగి మరీ డబ్బు చెల్లించాలి.