మగ్గం గుంట దగ్గర మొదలుపెట్టండి
సృజనాత్మకత మీద మన యూనివర్సిటీల్లో సెమినార్లకు కొదవ లేదు; ఫైనలియర్ ప్రాజెక్టును మాత్రం దుకాణంలో కొనుక్కునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. తప్పు పిల్లలది కాదు, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలే ఇస్తున్న మనది. బత్తలపల్లి నుంచి ధర్మవరం వైపు బస్సెక్కితే చాలు, జవాబు దొరకని ప్రశ్నలు బోలెడు. నిమ్మలకుంటలో మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు చొచ్చుకొచ్చేలా ఎండబెట్టి, ఉలితో చుక్కచుక్కగా తొలిచి, రంగులద్ది తోలుబొమ్మ చేస్తారు. తోలుబొమ్మలాటకు జనం తగ్గాక అవే చేతులు అదే తోలుతో దీపాల షేడ్లు చేస్తున్నాయి. ఆలోచన మలుపు తిరగడమంటే ఇదే, దీనికి స్లైడ్లు అక్కర్లేదు. అలాగే, ఆలేరు దగ్గరి నేతన్న చింతకింది మల్లేశం బడి చదువైనా పూర్తి చేయలేదు. చీర చీరకూ వేలసార్లు చేయి ఆడించి, నూలును మేకుల చుట్టూ చుడుతూ ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు; 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనకు దొరికింది సిలబస్ కాదు, కళ్లెదుట ఒక కష్టం. అనంతపురం జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ఒక సెమిస్టరు పిల్లల్ని ధర్మవరం మగ్గాల దగ్గర, బత్తలపల్లి వేరుశనగ చేలల్లో వదలండి. సమస్యను వాళ్లనే వెతుక్కోనివ్వండి. చేసిన ప్రయత్నం విఫలమైనా సరే, మార్కులు వేయండి.