సూట్‌కేసులో కరివేపాకు

మొన్న మాఘమాసంలో తెనాలిలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళి, తలంబ్రాలు పూర్తయ్యేలోగా సగంమంది చుట్టాలతో విరోధం తెచ్చుకుని వచ్చాను. కారణం చెబితే నవ్వుతారు. కరివేపాకు!

విడిదింట్లో ఆడవాళ్ళం పదిమందిమి కాఫీలు తాగుతూ కూర్చున్నాం. నాకు వదిన వరస అయ్యే ఒకావిడకి ఆ పైవారమే కూతురి పురిటికి అమెరికా ప్రయాణం. ఊరగాయల సంగతి తేలిపోయింది, సున్నిపిండి తేలిపోయింది, చర్చ కరివేపాకు దగ్గరికి వచ్చింది. తడిగుడ్డలో చుట్టి పట్టుచీర మడతల్లో పెట్టమని ఒకావిడ. కాదు, పసుపు డబ్బా అడుగున పెడితే ఎవరికీ అనుమానం రాదని ఇంకొకావిడ. వెండిరంగు కాగితంలో నాలుగు చుట్లు చుడితే కుక్క కూడా వాసన పట్టలేదుట, అది మూడో ఆవిడ కనిపెట్టిన శాస్త్రం. నేను నోరు మూసుకుని ఉండలేక, "అసలు తీసుకెళ్ళడం ఎందుకు వదినా, మానెయ్యండి" అన్నాను.

అంతే! కాశీకి వెళ్ళేవాళ్ళని గంగలో మునగొద్దన్నట్టు చూశారు అందరూ. "నీకేమమ్మా, కథలు రాసుకునేదానివి. కన్నకడుపు సంగతి నీకేం తెలుసు?" అంది ఒక పెద్దావిడ. నాకూ ఇద్దరు పిల్లలున్నారని ఆవిడకి గుర్తులేదు కాబోలు. అక్కడ నన్ను మాట్లాడనివ్వలేదు కనక ఇక్కడ మాట్లాడుతున్నాను.

ఈ విషయంలో నేనేదో నిప్పులాంటిదాన్ననుకోకండి. 2009లో మావారి ఉద్యోగం హ్యూస్టన్‌కి మారినప్పుడు ఆ దొంగతనం నేనూ చేశాను. అమ్మ మంగళగిరి చీర మధ్యలో రెండు గుప్పిళ్ళ కరివేపాకు పెట్టింది. ఆకులూ మొక్కలూ ఏమీ తేలేదని విమానంలో ఇచ్చిన కాగితం మీద ఎంచక్కా సంతకం పెట్టాను. సామాను కోసం నిలబడి ఉంటే, చెవులు వేలాడేసుకుని చిన్న కుక్కొకటి వచ్చి నా పెట్టె వాసన చూసి, పక్కనే బుద్ధిగా కూర్చుంది. ముద్దొచ్చి నిమరబోయాను కూడా! అది కూర్చుందంటే దొంగ దొరికినట్టని నాకేం తెలుసు? ఆ అధికారి నలుగురిలో నా చీరలన్నీ విప్పి, ఆకు తీసి చెత్తలో పడేశాడు. జరిమానా వెయ్యకుండా, చదువుకున్నదానివి అబద్ధపు సంతకం పెట్టడమేమిటని అడిగి వదిలేశాడు. జరిమానా వేసినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదేమో.

రెండు గుప్పిళ్ళ ఆకుకి ఇంత రాద్ధాంతమా అని అప్పట్లో నేనూ తిట్టుకున్నాను. తరవాత తెలిసింది అసలు సంగతి. కరివేపాకూ, నిమ్మా, నారింజా ఒకే కుటుంబం. లేత ఆకుల మీద వాలి రసం పీల్చే చిన్న పురుగొకటి ఉంది, నువ్వుగింజంత ఉంటుందేమో. దానికి నిమ్మజాతి చెట్లన్నా ఇష్టమే, కరివేపాకన్నా ఇష్టమే. కరివేపచెట్టుకి ఆ తెగులు అంటదు, కానీ పురుగుకి అది పుట్టినిల్లు. ఈ పురుగే తోటలకి గ్రీనింగ్ అనే తెగులు అంటిస్తుంది. కాయ పెరగదు, పండదు, చేదెక్కుతుంది, కొన్నేళ్ళకి చెట్టే చస్తుంది. మందు లేదు. ఫ్లోరిడాలో ఆ పురుగుని 1998లో చూశారు, తెగులు 2005లో బయటపడింది. 2003-04లో అక్కడ సుమారు 24 కోట్ల పెట్టెల నారింజలు దిగితే, 2022-23కి అది ఒక కోటీ అరవై లక్షలకి పడిపోయింది. తుపానులూ దెబ్బతీశాయి, నిజమే. కానీ నడుం విరిచింది ఈ తెగులే. 2012లో అది టెక్సాస్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ కూడా కనిపించింది.

"వాళ్ళ తోటలు పోతే మనకేం?" అన్నారు పెళ్ళిలో. ఎంత మాట! ఆ పురుగూ ఆ తెగులూ మన దగ్గరా ఉన్నవే. నల్గొండలోనో అనంతపురంలోనో బత్తాయి తోట వేసినవాళ్ళని అడగండి, గూడూరు నిమ్మతోటల వాళ్ళని అడగండి, చెట్టు ఎండిపోతుంటే ఎలా ఉంటుందో. మన తోట పక్కకి ఎవరో తెగులు తెచ్చి పెడితే ఊరుకుంటామా?

అన్నట్టు, గసగసాలు సర్దేవాళ్ళు ఇంకా జాగ్రత్త. సింగపూరులోనూ, దుబాయిలోనూ వాటి మీద నిషేధం ఉంది. గసాల కూర కోసం కూతుర్ని పోలీసుస్టేషను చుట్టూ తిప్పకండి.

సరే, పురుగు సంగతి అలా ఉంచండి. నా అసలు తగాదా దానితో కాదు. మా వదిన ఎందుకంత తాపత్రయపడుతోందో ఆవిడే చెప్పింది: "అల్లుడికి చారులో కరివేపాకు లేకపోతే ముద్ద దిగదుట. దీన్ని సాధిస్తాడుట." అదీ సంగతి! పురుటి రోజుల పిల్ల కోసం కాదు, అల్లుడిగారి నాలిక కోసం ఈ స్మగ్లింగు. రెండు డిగ్రీలు సంపాదించి, ఏడు సముద్రాలు దాటి వెళ్ళిన మగాడికి ఇంటిపక్క దుకాణం దాకా నడవడానికి కాళ్ళు రావు కాబోలు! మావారూ తక్కువ తినలేదు. మొదటి ఆర్నెల్లూ కంచం ముందు కూర్చోగానే "మా అమ్మ చారులా లేదే" అనేవారు. అక్కడ ఎండు కరివేపాకు పొట్లం కొని వేస్తే గడ్డి వేసినట్టుండేది. డిసెంబరు చలిలో ఒకరోజు సీసా గోంగూర పచ్చడి ముందు పెట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు ఆయనకి ఇప్పటికీ తెలియదు. ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది.

తరవాత ఒకరోజు చెప్పేశాను, మీ అమ్మగారి చారు మీరే వెతుక్కోండి, సంచీ ఇదిగో అని. పాపం, వెతికారు! మెక్సికో వాళ్ళ దుకాణంలో కొత్తిమీర కట్టలు కట్టలుగా ఉంది. చింతకాయలు గుట్టగా పోసి ఉన్నాయి. ఎండబెట్టిన ఎర్రటి పూరేకుల్లాంటివి అమ్ముతుంటే నోట్లో వేసుకుని చూశాం, పుల్లగా, అచ్చం మన ఎర్ర గోంగూర! అదే జాతి మొక్కట, వాళ్ళు కాయరేకులు నానేసి షర్బత్తు చేసుకుంటారు. వియత్నాం వాళ్ళ కొట్లో బచ్చలి, తోటకూర. ఫిలిప్పీన్స్ వాళ్ళ అరల్లో మంచులో గడ్డకట్టిన మునగాకు. కరివేపాకు కూడా ఆ దేశంలోనే పెంచింది మన కొట్లో దొరుకుతూనే ఉండేది, చిన్న ప్లాస్టిక్ సంచీలో పది రెబ్బలు. ఇంటికి తెచ్చి ఫ్రీజరులో పెడితే నెలరోజులు వచ్చేది.

మన రుచులు మన మట్టివే అని పౌరుషాలు పోయేవాళ్ళకి ఒక మాట. మిరపకాయ పోర్చుగీసు వాళ్ళ ఓడలెక్కి వచ్చింది, దాని పుట్టిల్లు మెక్సికో వైపు. మన పులిహోరలో ఇంగువ ఏ పెరట్లో కాసింది? ఆఫ్ఘనిస్తాన్ నుంచీ ఇరాన్ నుంచీ రావలసిందే. మన దేశంలో ఇంగువ మొక్క నాటే పని హిమాచల్‌లోని లాహౌల్‌లో 2020లో గాని మొదలవలేదు. అయినా మా అమ్మమ్మ పులిహోర మన పులిహోర కాకుండా పోయిందా?

ఇదంతా విని, తిండి గోల తప్ప ఆడవాళ్ళకి వేరే పనిలేదని నవ్వేవాళ్ళంటే నాకు ఇంకా ఒళ్ళు మంట. పరాయి ఊళ్ళో పోపు చిటపటలాడి ఆ వాసన వచ్చినప్పుడు గుండెలో ఏమవుతుందో పడ్డవాళ్ళకి తెలుసు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ కంచం అంచుకి నెట్టేసిన ఆకే అది! ఆ బెంగని నేను కాదనడంలేదు. దాన్ని తీర్చే పూచీ అంతా ఒక్క ఆడదాని నెత్తినే ఎందుకుండాలని అడుగుతున్నాను.

మా వదిన నా మాట విన్నదో లేదో తెలియదు, వెళ్ళింది. ఇండియానాపొలిస్ నుంచి నిన్న రాత్రి ఫోను చేసింది. ఆ ఊళ్ళో బర్మా వాళ్ళు చాలామంది ఉన్నారుట, వాళ్ళూ పుల్లటి ఆకు వండుకుంటారుట, చూస్తే మన గోంగూరేట. అల్లుడే వెళ్ళి కొనుక్కొచ్చాడుట. "అమ్మాయిని లేవనివ్వకుండా పచ్చడి కూడా తనే చేశాడమ్మా" అంది మురిసిపోతూ. కాస్సేపాగి గొంతు తగ్గించి, "కాడలు తియ్యలేదు, పీచుపీచుగా ఉంది. అయినా నేనేమీ అనలేదులే" అంది.