అందరికీ తెరుచుకొనే పుట

టిమ్ బెర్నర్స్ లీ 1990వ దశకం ఆరంభంలో సెర్న్ పరిశోధనాలయంలో రూపొందించిన తొలి వెబ్‌సైటు పాత ప్రతిని ఆ సంస్థ 2013లో మళ్ళీ అందుబాటులోకి తెచ్చింది. అందులో బొమ్మలు లేవు, రంగుల హంగులు లేవు. శీర్షికలు, వాక్యాలు, మరొక పుటకు దారి చూపే లంకెలు మాత్రమే ఉన్నాయి. అయినా అది నేటి సెల్‌ఫోనులోనూ చక్కగా తెరుచుకొంటుంది. ఇందుకు దాని నిరాడంబరతే కారణమని నా అభిప్రాయం.

తరువాతి కాలంలో ఈ గుణం మరుగున పడింది. 1990ల చివర నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ల మధ్య పోటీ ముదిరి, ఫలానా బ్రౌజరులోనే చూడవలెనని అనేక సైట్లు పాఠకులను ఆదేశించాయి. గ్రంథాలయంలోకి ఫలానా దుకాణపు కళ్ళజోడు ఉన్నవారినే రానిస్తామంటే ఎవరైనా ఒప్పుకొంటారా? తెలుగు పాఠకులకు ఈ బాధ రెట్టింపయింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, పత్రికలు చాలాకాలం తమతమ సొంత ఫాంటులనే వాడాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు వార్త అర్థంలేని గుర్తుల గుంపుగా కనిపించేది.

పరీక్షా ఫలితాల పుటను తీసుకొందాం. దానికి కావలసినవి ఒక శీర్షిక, హాల్‌టికెట్ సంఖ్య రాసే గడి, ఒక మీట. హెచ్.టి.ఎమ్.ఎల్.లో పట్టుమని ఇరవై పంక్తులు చాలు. కాని దానిని ప్రకటనలతో, కదిలే బొమ్మలతో నింపితే మారుమూల గ్రామంలో నెట్‌వర్క్ అందక విద్యార్థి గంటల తరబడి ఎదురుచూస్తాడు. చూపులేని విద్యార్థిని పరిస్థితి ఇంకా కష్టం. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఆమె వద్ద ఉండవచ్చు. గడి పక్కన కనిపించే పేరును ఆ గడితో కోడ్‌లో ముడిపెట్టకపోతే, అందులో ఏమి రాయాలో అది స్పష్టంగా చెప్పలేకపోవచ్చు. వంకర అక్షరాల బొమ్మను చూసి టైపు చేయమంటే ఆమెకు దారే ఉండదు. తన మార్కులను తనకంటే ముందు మరొకరు చూడవలసి వస్తుంది. సమాచార సాధనాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి చట్టం చెబుతున్నది. మార్గదర్శకాలైతే 1999 నుండే ఉన్నాయి.

కోడ్ రాయకుండానే సైటు తయారుచేసే సాధనాలుండగా ఈ శ్రమ దేనికని కొందరంటారు. పెద్ద సైట్లకు అవి అవసరమే, కాదనను. అయితే ఒక్క పుటనైనా స్వయంగా రాసినవారికే ఆ సాధనాలు ఎక్కడ తప్పుచేస్తున్నాయో తెలుస్తుంది. పుట భాష తెలుగని మొదటే సూచించడం, ప్రతి చిత్రానికీ వివరణ జోడించడం వారికి అలవాటవుతుంది. చార్మినార్ చిత్రానికి “చిత్రం 3” అని రాస్తే వినేవారికి తెలిసేదేమీ ఉండదు.

మీ కళాశాల వెబ్‌సైటునే తెరిచి చూడండి. మౌస్‌ను పక్కనపెట్టి, ట్యాబ్ మీటతో మాత్రమే ప్రవేశ దరఖాస్తు వరకు వెళ్ళే ప్రయత్నం చేయండి. తరువాత అదే పుటను మరొక బ్రౌజరులోను, ఒక పాత ఫోనులోను తెరవండి.