పనికొచ్చే చెయ్యి కావాలి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చవక కృత్రిమ చెయ్యి అనగానే అందరూ ఐదు వేళ్ల ప్లాస్టిక్ చెయ్యే గీస్తారు. మనోళ్ల చెయ్యి కొడవలి పట్టాలి, తునికాకు కట్ట కట్టాలి, వానలో తడవాలి. రంపపు మిల్లులో చెయ్యి పోగొట్టుకున్న అమెరికా కార్మికుడు డోరెన్స్ 1912లో ఒక కొక్కేనికి పేటెంట్ తీసుకున్నాడు. భుజం కదిపితే తీగ లాగి తెరుస్తుంది, రబ్బరు బ్యాండ్లు మూస్తాయి. ఛార్జింగ్ గొడవే లేదు. (అందం వద్దని కాదు, పెళ్లికి వేరే చెయ్యి పెట్టుకోవచ్చు.)

జైపూర్ కాలు నిలబడిందీ ఇందుకే. చేతిపనివాడు రామచంద్ర శర్మ, డాక్టర్ సేథీ కలిసి గొంతుక్కూర్చునే, చెప్పుల్లేకుండా పొలంలో నడిచే మనుషుల కోసం దాన్ని చేశారు.

ఐటీఐ, పాలిటెక్నిక్ చదివేటోళ్లు డ్రాయింగ్‌కి ముందు చెయ్యి పోయిన మనిషి పని ఒక రోజంతా చూడండి. క్యాంపులో ఉచితంగా చెయ్యి ఇస్తుంటే మాత్రం అడగండి: విరిగితే బాగుచేసేదెవరు, ఎంత దూరంలో?