అరవై సెకన్ల ఆయుష్షు

పిల్లలు ఫోనులో ఆట ఆడుతూ ఉంటే పెద్దలు అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "ఎంతసేపటి నుంచి ఆడుతున్నావు?" ఆ ఆటలో ఏముందని అడిగేవారు అరుదు. కాలాన్నే ఇతివృత్తంగా చేసుకున్న ఒక చిన్న ఆటను ఈ నెల పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచదలిచాను. దాని పేరు 'మినిట్'. యాన్ విల్లెం నైమన్, కిట్టీ కాలిస్ తదితరులు నలుగురు కలిసి రూపొందించగా 2018లో విడుదలైంది. అందులో రంగుల ఆర్భాటం లేదు, అంతా నలుపు తెలుపులే.

కథ సరళమైనది. బాతు ముక్కు వంటి ముక్కు గల ఒక చిన్న ప్రాణి సముద్రతీరంలో పడి ఉన్న కత్తిని చేతికి తీసుకుంటుంది. అది శాపం తగిలిన కత్తి. ఆ క్షణం నుంచి దాని ఆయుష్షు 60 సెకన్లు మాత్రమే. తెరపై అంకెలు తరుగుతూ ఉంటాయి. సున్నాకు చేరగానే మరణం, వెంటనే తన ఇంట్లో మళ్లీ మేల్కొనడం, మళ్లీ అదే 60 సెకన్లు. ఆ కత్తులు తయారయ్యే కర్మాగారానికి చేరి శాపాన్ని వదిలించుకోవడమే లక్ష్యం. చనిపోయి తిరిగి లేవడం ఆట కోసం పెట్టుకున్న నియమమే తప్ప జీవిత సత్యం కాదని పిల్లలకు ముందే చెప్పాలి.

నిమిషం ముగిస్తే నడిచిన దూరమంతా పోతుంది. కాని సంపాదించిన వస్తువు, తెలుసుకున్న సంగతి మిగులుతాయి. మొక్కలకు నీళ్లు పోసే డబ్బా ఒకసారి చేతికి అందితే తర్వాతి నిమిషంలోనూ వెంట ఉంటుంది. హిఫ్జ్ చేసే విద్యార్థికి ఈ పద్ధతి కొత్త కాదు. అతడు ప్రతి ఉదయం అదే చాపపై కూర్చుంటాడు, పాత పాఠాలను మళ్లీ మళ్లీ అప్పజెబుతాడు. చూసేవారికి అది ఉన్నచోటే తిరగడంలా కనిపిస్తుంది. నిజానికి నిన్నటి సబఖ్ గుండెలో నిలిచినందువల్లనే నేటి సబఖ్ సాధ్యమవుతుంది.

ఈ ఆటలో నన్ను ఆలోచింపజేసిన పాత్ర దీపస్తంభం దగ్గర నిలబడిన ఒక వృద్ధుడు. ఆయన అతి నెమ్మదిగా మాట్లాడతాడు. తొందరపడే ఆటగాడు సగంలోనే వదిలి పరుగెత్తుతాడు. ఆయన మాట పూర్తిగా వినాలంటే ఆ నిమిషంలో మరే పనీ పెట్టుకోకూడదు, ఉన్న ఆయుష్షంతా వినడానికే ఇవ్వాలి.

మన ఇళ్లలోనూ అలా నెమ్మదిగా మాట్లాడే దాదాలు, నానీలు ఉన్నారు. ఒక సంగతి మొదలుపెట్టి మధ్యలో పేరు గుర్తురాక ఆగుతారు, చెప్పినదే మళ్లీ చెబుతారు. "తర్వాత వింటాను దాదీ" అని మనవడు లేచిపోతాడు. ఆటలోని వృద్ధుణ్ణి నూరుసార్లు వదిలి వెళ్లినా నూటొకటవసారి ఆయన అక్కడే నిలబడి ఉంటాడు. దాదీ విషయంలో అటువంటి నియమమేదీ లేదు. ఈ తేడా పిల్లవాడికి తెలియజేయవలసింది తల్లిదండ్రులే.

పిల్లల చేతికి ఇచ్చే ముందు పెద్దలు ఒకసారి ఆట చూడండి. కత్తితో జీవులను కొట్టే సన్నివేశాలు ఇందులో ఉన్నాయి, కనుక పిల్లవాడి వయసును బట్టి నిర్ణయించండి. "ఇంకొక్క నిమిషం అమ్మీ" అని వాడు అనడం అబద్ధం కాదు, ఆ నిమిషాలు కలిసి గంట అవుతాయని వాడికి తెలియదు, అంతే. కాబట్టి హద్దును ముందే చెప్పండి: మగ్రిబ్ అజాన్ వినిపించగానే ఫోను పక్కన పెట్టాలి.

ఇక ఇషా తర్వాత వాణ్ణి దాదీ మంచం దగ్గర కూర్చోబెట్టండి. ఆమె మాట పూర్తయ్యేదాకా లేవకూడదని చెప్పండి. పక్కనే మీరూ కూర్చోండి.